గీత ముందా, రాత ముందా?

ఎడమ గట్టు కథలు – 9

పోయిన వారం కథ ముడుమాల్ నిలువురాళ్ల దగ్గర ఆగింది. అక్కడి నుంచి కృష్ణ వెంబడే దిగువకు పోదాం. గద్వాల, వనపర్తి, కొల్లాపురం దాటి నాగర్‌కర్నూలు జిల్లా లింగాల దాకా. చెలకలు అయిపోయి నల్లమల మొదలయ్యే చోటది. ఏటా చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోయేవాళ్లలో కొందరు లింగాల నుంచి అప్పాయిపల్లి మీదుగా కాలినడకన పోతారు. ఆ పైన అంతా అడవి, లోయ, లింగమయ్య. రాళ్ల ముచ్చట చాలానే చెప్పుకున్నాం కాబట్టి ఈ వారం కుండలు. నిండు కుండలు కాదు, పగిలిన పెంకులు. వాటి మీద ఎవరో ఎప్పుడో గీసిన గీతలు.

పాత పాలమూరు జిల్లాలో పాటిగడ్డ అంటే ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఊరుండి తర్వాత పాడుబడ్డ దిబ్బ. ఆ మన్ను బలమైనదని చేలకు తోలుకుంటారు. తోలేటప్పుడు పెంకులు బయటపడడం మామూలే. లోపలి వైపు, మూతి దగ్గర నల్లగా, కింది భాగం ఎర్రగా, వేలితో రాస్తే జారిపోయేంత నునుపుగా ఉంటాయి. ఎప్పుడో ఒకసారి అందులో ఒకదాని మీద గీతలు కనబడతాయి. కూడిక గుర్తు, బాణం, నిచ్చెన, త్రిశూలం. ఇదివరకు అలాంటి పెంకు పిల్లలకు తొక్కుడుబిళ్ల అయ్యేది. ఇప్పుడు చేతిలో ఫోనుంది. పొద్దున ఫొటో తీస్తే సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో "మన ఊళ్లో సింధు లిపి" అని తిరుగుతుంది. మర్నాటికి దాన్ని చదివేసినవాడు కూడా తయారు.

తొక్కుడుబిళ్ల ఆడిన పిల్లల మీద నాకు ఫిర్యాదు లేదు. ఈ చదివేసేవాళ్ల మీదే ఉంది. పెంకు మీద గీత కనబడగానే దాన్ని లిపి అనడం ఎంత తొందరపాటో, "ఏదో కుమ్మరి పిచ్చిగీత" అని పారేయడం అంత తొందరపాటే. ఈ రెండింటికీ మధ్య ఒక ఓపికైన దారి ఉంది. ఆ దారిలో ఎలా నడవాలో తెలియాలంటే ఒకసారి మనకు బొత్తిగా సంబంధం లేని చోటికి పోయి చూడడం మంచిది.

ఉత్తర ఇటలీలో ఆల్ప్స్ కొండల నడుమ నాన్ లోయ ఉంది. ఇప్పుడు ఆపిల్ తోటలకు పేరు. అందులో సాన్‌జెనో అనే చిన్న ఊరు. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం నుంచి 1వ శతాబ్దం దాకా ఆ కొండల్లో బతికిన జనాన్ని రోమన్లు రేతియన్లు అన్నారు. క్రీ.పూ. 15లో అగస్టస్ చక్రవర్తి సవతి కొడుకులు డ్రూసస్, టైబీరియస్ దండెత్తి ఆ కొండలను రోము కిందికి తెచ్చారు. ఆ తర్వాత కొన్ని తరాలకు రేతియన్ల మాట వినబడకుండా పోయింది. మిగిలినవి కంచు, కొమ్ము, రాయి, మట్టి మీద గీసిన కొద్దిపాటి రాతలు.

సాన్‌జెనో గిన్నె అని పురావస్తువాళ్లు పిలిచే మట్టి గిన్నె ఒకటి ఆ ప్రాంతమంతటా దొరుకుతుంది. తాగడానికి వాడిన చిన్న గిన్నె. అంచు కొంచెం బయటికి వాలి, మెడ దగ్గర లోపలికి తిరిగి, మళ్లీ పొట్ట దగ్గర ఉబ్బుతుంది. తిరగేస్తే అడుగు మధ్యలో బొటనవేలితో నొక్కినట్టు గుంట ఉంటుంది. అలాంటి గిన్నెల్లో కొన్నిటి మీద ఒకే ఒక గుర్తు గీసి ఉంటుంది. కొన్నిటి మీద వరసగా అక్షరాలు, ఎక్కువగా కుడి నుంచి ఎడమకు.

ఆ అక్షరాలను చదవగలం. రేతియన్లు తమ లిపిని దక్షిణాన ఉన్న ఎట్రుస్కన్ల నుంచి తెచ్చుకున్నారు. తమ నోట పలికే ఒక ధ్వనికి అందులో అక్షరం లేకపోతే కొత్తది కల్పించుకున్నారు. సాన్‌జెనో వైపు ఒక రకంగా, విచెన్జా దగ్గరి మాగ్రే వైపు ఇంకో రకంగా. చదవగలం గాని, అర్థం దగ్గరికి వచ్చేసరికి చాలా చోట్ల ఆగిపోతాం. దొరికిన రాతలు సుమారు 300, అందులో చాలా భాగం ఒకటి రెండు మాటలే. వియన్నా విశ్వవిద్యాలయం పండితులు ఆ రాతలన్నిటినీ ఒక్కొక్కటిగా పట్టిక వేసి, ప్రతి గీతనూ కొలిచి పెట్టారు. అంత చేశాక తేలిందేమిటంటే, వాటిలో స్పష్టంగా అర్థమయ్యేవి ఎక్కువగా మనుషుల పేర్లు. ముందు సొంత పేరు, తర్వాత తండ్రి పేరు. కొడుకైతే తండ్రి పేరు చివర 'ను', కూతురైతే 'నా'. ఇంకొన్నిటిలో "ఫలానావాడు ఇచ్చాడు" అనే ధోరణి. మన ఇళ్లలో పెళ్లికి పెట్టిన స్టీలు బిందె మీద ఇచ్చినవాళ్ల పేరు కొట్టించినట్టే.

ఇక్కడ రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన కథ ఒకటుంది. రేతియన్లు మూలంలో ఎట్రుస్కన్లేనని, ఆ కొండలే వాళ్లను అనాగరికులను చేశాయని, పాత భాష యాస మాత్రమే, అదీ చెడిపోయి, వాళ్ల నోట మిగిలిందని ఆయన రాశాడు. చాలాకాలం పండితులు దీన్ని కట్టుకథ అన్నారు. 1998లో జర్మన్ భాషావేత్త హెల్ముట్ రిక్స్ ఆ చిన్న చిన్న రాతల్లోని ప్రత్యయాలను పట్టి, రెండు భాషలూ నిజంగానే చుట్టాలని చూపించాడు. అలాగని లివీ కథ నిజమైపోలేదు. ఆ రెండూ చాలా ముందే ఒక మూలం నుంచి చీలిన అక్కాచెల్లెళ్లని ఇప్పటి అభిప్రాయం. పాత పుస్తకంలో ఉందని నమ్మేయకుండా, పాత పుస్తకం కదా అని కొట్టేయకుండా, గిన్నె మీది రెండక్షరాల ప్రత్యయాన్ని సాక్షిగా పిలిచారు.

నాకు ఆ గిన్నెల్లో ఎక్కువ నచ్చేవి రాతలున్నవి కాదు, ఒంటరి గుర్తులున్నవి. అడ్డంగా ఖండించుకున్న రెండు గీతలు, అంటే మనం తప్పు లెక్కకు కొట్టే ఇంటూ గుర్తు. సాన్‌జెనో లిపిలో 'త' అక్షరం కూడా అదే. మరి గిన్నె మీద అదొక్కటే ఉంటే అక్షరమా, గుర్తా? త తో మొదలయ్యే పేరుగలాయన గిన్నెనా? లేక అక్షరం ముక్క రానివాడు తన గిన్నె పోల్చుకోవడానికి గీసుకున్నదా? అక్కడి పండితులు దీన్ని బలవంతంగా తేల్చరు. వరసలో ఉన్నవాటిని రాతల కింద, ఒంటరిగా ఉన్నవాటిని గుర్తుల కింద వేరువేరుగా పెడతారు. అంతే. ఆ సంయమనం మనకు కావాలి.

ఇక మన గట్టుకు వద్దాం.

తెలంగాణ పల్లెల్లో పొలాల మధ్య గుండ్రంగా పేర్చిన పెద్ద బండలు, వాటి నడుమ రాతి పలకలతో కట్టిన పెట్టెల్లాంటి గూళ్లు కనిపిస్తాయి. జనం వాటిని రాకాసి గుళ్లు అంటారు. అంతంత రాళ్లు మనుషులెత్తగలరా అన్న ఆశ్చర్యం ఆ పేరులో ఉంది. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో ఒక సమాధి మీది కప్పురాయిని ఎత్తడానికి భారీ క్రేన్లు తేవాల్సి వచ్చింది. బరువు 40 టన్నుల పైమాటే. ఇవి ఇనుము వాడకం తెలిసిన జనం తమ చనిపోయినవాళ్లకు కట్టినవి. ఎక్కువ భాగం క్రీస్తుపూర్వం మొదటి వెయ్యేళ్ల కాలానివి. లోపల ఎముకలు, ఇనుప కత్తులు, బరిసెలు, పూసలు, అన్నిటికంటే ఎక్కువగా కుండలు.

ఈ సమాధులను మొదట తెరిచి రాసిపెట్టినవాళ్లలో ఫిలిప్ మెడోస్ టేలర్ ఒకడు. నిజాం కొలువులో ఉండి, 1840లలో కృష్ణా, భీమా నదుల నడుమ ఉన్న షోరాపూర్ సంస్థానం చూసుకున్నాడు. థగ్గుల మీద నవల రాసి లండన్‌లో పేరు తెచ్చుకున్న టేలర్ ఇతనే. ఆ తర్వాత 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీని అధిపతిని చేసింది. అప్పుడే హైదరాబాదులో ఒక పురావస్తు సంఘం, దానికొక పత్రిక వచ్చాయి. డాక్టర్ హంట్ అనే వైద్యుడు తీరిక వేళల్లో భువనగిరి దగ్గరి రాయగిరి సమాధులు తవ్వేవాడు. యజ్దానీ ఆ కుండలు చూశాడు. అందరూ కుండల ఆకారం చూస్తుంటే ఆయన కన్ను భుజం మీది గీతల మీద పడింది. 1917లో ఆ పత్రికలో ఒక వ్యాసం రాసి, నూటికి పైగా గుర్తులను పట్టిక వేశాడు. వాటిలో కొన్ని అచ్చం బ్రాహ్మీ అక్షరాల్లా ఉన్నాయని చెప్పాడు. అప్పటికి సింధు నాగరికత ఇంకా లోకానికి తెలియదు. సర్ జాన్ మార్షల్ ఆ సంగతి ప్రకటించింది 1924లో. అంటే మన కుండల మీది గీతలు లిపి చర్చకు వచ్చింది ఆ ప్రకటనకన్నా ముందు. ఈ మాట మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంగానైనా ఉండాల్సింది.

ఇప్పుడు ఆ గీతను దగ్గరగా చూద్దాం. భూతద్దం ఉంటే మంచిది, లేకపోయినా ఎండలో పెంకును వాలుగా పట్టుకుంటే చాలు. కుమ్మరి సారె మీంచి దించిన కుండ పూర్తిగా ఆరకముందు గీస్తే, పుల్ల వెళ్లిన దారికి రెండు వైపులా మట్టి లేచి సన్నని గట్టులా నిలుస్తుంది. గీత లోపల మెత్తగా, జారినట్టు ఉంటుంది. కాలిన తర్వాత గీస్తే అలా ఉండదు. అంచులు చిట్లి పెచ్చులూడతాయి. గీత ఒకే పోటుకు రాదు, అదే దారిలో రెండు మూడుసార్లు గోకిన జాడ కనబడుతుంది. ఎర్రటి మెరుగు కింద ఉన్న మట్టి రంగు బయటికొస్తుంది. ఈ చిన్న తేడా చాలా పెద్ద సంగతి చెబుతుంది. ఆరకముందు గీసినవాడు కుమ్మరి, లేదా కుమ్మరి ఇంటి మనిషి. కాలాక గీసినవాడు కుండ కొనుక్కున్నవాడు కావచ్చు, దాన్ని సమాధిలో పెట్టినవాడు కావచ్చు. మన దక్షిణాదిలో ఈ గుర్తులు ఎక్కువగా కాలాక గీసినవే. అంటే ఇవి చేసినవాడి సంతకం కంటే వాడినవాడి హక్కు చాటే గుర్తులయ్యే అవకాశమే ఎక్కువ.

నలుపు ఎరుపు రంగుల సంగతి కూడా ఒక మాట. అది రెండు రంగులు పూయడం కాదు. కుండను బోర్లించి కాలిస్తే మూతి భాగం బూడిదలో, పొట్టులో కూరుకుపోయి గాలి అందక నల్లబడుతుంది. గాలి తగిలిన పైభాగం ఎర్రబడుతుంది. ఇప్పటి కుమ్మరి వాము ముందు నిలబడి చూసినవాళ్లకు ఇది కొత్త విషయమేం కాదు.

కుండను వాడినవాడు ఎవరనేది మరో చిక్కు. తమిళనాడులో చెంగల్పట్టు ప్రాంతంలోని సానూరులో 1950లలో తవ్వినప్పుడు, ఒకే సమాధిలోని పలు కుండల మీద ఒకే గుర్తు మళ్లీ మళ్లీ కనబడింది. పక్క సమాధిలో ఇంకో గుర్తు. అంటే కుటుంబానికో, వంశానికో ఒక గుర్తు ఉండి ఉండొచ్చు. పశువులకు ముద్రలు వేసే చోట ఇది వింత కాదు. అలాగని అన్నిచోట్లా ఇదే లెక్క అనడానికీ లేదు. కుండ ఒక చోట ఉండేది కాదు. 1940లో మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమండార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల పెంటల్లో, అంటే గూడేల్లో ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చేశాడు. చెంచులు కుండలు చేయరు, కింది ఊళ్ల నుంచి మారకానికి తెచ్చుకునేవాళ్లు. లింగాల అడవిలో రేపు ఒక పాత పెంకు దొరికితే, దాన్ని చేసిన చేయి, మోసిన చేయి, గీసిన చేయి మూడూ వేరు కావచ్చు. అందుకే "మా ఊరి పెంకు, మా పూర్వీకుల లిపి" అనే వరసలో ప్రతి అడుగూ జారుడే.

ఇప్పుడు సింధు లిపి సంగతి. పురావస్తువేత్త బి.బి. లాల్ 1960లో దక్షిణాది సమాధి కుండల మీది గుర్తులను, తామ్రశిలా యుగం కుండల మీది గుర్తులను, హరప్పా లిపి గుర్తులను పక్కపక్కన పెట్టి పోల్చాడు. సమాధి కుండల గుర్తుల్లో 89 శాతానికి పాత కాలంలో పోలికలు దొరికాయని లెక్క తేల్చాడు. ఆయన దాన్ని లిపి అనలేదు. ఆకారాల కొనసాగింపు అన్నాడు, అంతే. ఆ జాగ్రత్త తర్వాత ఆయన్ను ఉదహరించిన వాళ్లలో సగం మందికి లేకపోయింది. 2025 జనవరిలో తమిళనాడు పురావస్తు శాఖ 140 చోట్ల దొరికిన 15,000 పైచిలుకు పెంకుల గుర్తులను వర్గీకరించి పుస్తకం తెచ్చింది. అదే నెలలో సింధు లిపిని ఛేదించినవాళ్లకు 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది ఆ రాష్ట్ర ప్రభుత్వం. బహుమతి సంగతి పత్రికల మొదటి పేజీకెక్కింది. పెంకులను ఒక్కొక్కటిగా లెక్కబెట్టిన పని మాత్రం లోపలి పేజీల్లో మిగిలింది. నన్నడిగితే ఆ లెక్కే పెద్ద బహుమతి. తెలంగాణ, ఆంధ్ర గోదాముల్లో మూటకట్టి ఉన్న పెంకులకు కూడా అలాంటి జాబితా ఒకటి కావాలి.

పోలిక ఎందుకు మోసం చేస్తుందో చెప్పడానికి మళ్లీ రేతియన్ గిన్నె దగ్గరికే పోవాలి. ఇంటూ, బాణం, నిచ్చెన అక్కడా ఉన్నాయి. పదునైన మొన, గట్టి తలం దొరికితే మనిషి చేయి ముందు గీసేది నిటారు గీతలే. మట్టి మీద గుండ్రని గీత కష్టం. అలా నాలుగైదు గీతలతో కుదిరే ఆకారాలు ఎన్నో ఉండవు. ఆల్ప్స్‌లోనూ అవే, రాయగిరిలోనూ అవే, మొహంజదారోలోనూ అవే. నాన్ లోయవాళ్లు మన చుట్టాలు కారు కదా.

ఆకారం సాయం చేయకపోతే మరేది సాయం చేస్తుంది? వరస. ఒకటి తర్వాత ఒకటి, ఒకే దిక్కులో, ఒకే ఎత్తులో గుర్తులు నడిస్తే, అవే గుర్తులు వేరే పెంకు మీద వేరే వరసలో మళ్లీ వస్తే, అప్పుడు రాత అనే మాట ఎత్తొచ్చు. బ్రాహ్మీలో 'క' అంటే కూడిక గుర్తు. 'గ' అంటే గుడిసె కప్పులా రెండు వాలు గీతలు. 'ర' అంటే ఒక నిలువు గీత. 'ఠ' అంటే సున్న. సమాధి కుండ మీద ఒంటరిగా కూడిక గుర్తు ఉంటే అది 'క' కాదు. దాని పక్కన ఇంకో రెండు అక్షరాలు వరసగా ఉండి, చివర షష్ఠీ విభక్తి తగిలితే అప్పుడది "ఫలానావాడిది" అవుతుంది. రేతియన్ గిన్నె మీద ఇంటూ గుర్తుకూ పాలమూరు పెంకు మీద కూడిక గుర్తుకూ పట్టాల్సిన పరీక్ష ఇదే.

తమిళనాడులో ఈ మార్పు నేల పొరల్లోనే కనబడుతుంది. కింది పొరల్లో గుర్తులు మాత్రమే. నడిమి పొరల్లో గుర్తులు, అక్షరాలు రెండూ, ఒక్కోసారి ఒకే కుండ మీద. పై పొరల్లో అక్షరాలే ఎక్కువ. కీళడి, కొడుమణల్ పెంకుల మీద చదవగలిగినవి ఎక్కువగా పేర్లే. ఆదన్, కువిరన్ లాంటివి. శాసనం వేయించింది రాజో, సెట్టో కావచ్చు. కుండ మీద పేరు గీసుకున్నవాడు మాత్రం మామూలు మనిషి. అందుకే నాకు పెంకు మీది పేరు రాతి శాసనం కంటే విలువైనది. ఒక సమాజంలో అక్షరం ఎంత లోతుకు దిగిందో అది చెబుతుంది.

తెలుగు నేల మీద ఆ మలుపు బాగా కనబడే చోట్లు రెండు.

మొదటిది భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపం తవ్వి ధాతువులున్న రాతి పెట్టెలు తీశాడు. తమిళనాడులోని ఆదిచ్చనల్లూరు సమాధి కుండలు తవ్వినవాడూ ఈ రీ గారే. పెట్టెల అంచుల చుట్టూ రాతలున్నాయి. రెండేళ్లకు వియన్నా పండితుడు గేయోర్గ్ బ్యూలర్ వాటిని చదివి ప్రచురించాడు. భాష ప్రాకృతమే గాని లిపి అశోకుడి బ్రాహ్మీకి అచ్చు కాదు. 'మ' తలకిందులైంది. 'ఘ' ను 'గ' కు కొక్కెం తగిలించి చేశారు. అన్నిటికంటే ముఖ్యం, అశోకుడి 'క' లో 'అ' దాగి ఉంటే, భట్టిప్రోలులో ఆ 'అ' కోసం వేరే గీత పెట్టారు. అరువు తెచ్చుకున్న లిపిని తమ నోటికి, తమ చేతికి తగ్గట్టు సరిదిద్దుకున్న తీరు అది. రేతియన్లు ఎట్రుస్కన్ లిపికి చేసినట్టే. మొదటి పెట్టె మీది రాత చదివితే పోలిక ఇంకా దగ్గరవుతుంది. కురుడు, అతని తండ్రి, తల్లి, సివుడు అనే మరొకడు కలిసి బుద్ధుడి ధాతువుల కోసం ఈ పెట్టెను, స్ఫటిక భరిణెను చేయించారని ఉంది. పేర్లు, తర్వాత ఇచ్చిన మాట. ఆల్ప్స్ గిన్నె మీద ఉన్నదీ ఇంతే కదా. అదే రాతల్లో కుబిరకుడు అనే రాజు పేరూ ఉంది గాని, నాకు ముందు గుర్తొచ్చేది కురుడి తల్లి. ఆమె సొంత పేరు చెక్కినవాడు రాయలేదు.

రెండోది శ్రీకాకుళం జిల్లా శాలిహుండం. వంశధార దక్షిణపు గట్టున కొండ మీద బౌద్ధ విహారం. 1919లో దాన్ని గుర్తించి వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగే, సవర భాషకు నిఘంటువు రాసిన గిడుగే. తర్వాత లాంగ్‌హర్స్ట్, ఆ తర్వాత ఆర్. సుబ్రహ్మణ్యం తవ్వకాలు చేశారు. అక్కడ దొరికిన కుండలు, గిన్నెల పెంకుల మీద బ్రాహ్మీ రాతలున్నాయి. సమాధి కుండ మీద వంశం గుర్తు పెట్టుకున్న చేతికీ, విహారంలో భిక్షాపాత్ర మీద అక్షరం గీసిన చేతికీ మధ్య దూరం కొన్ని వందల ఏళ్లు. గీసిన తీరు మాత్రం అదే. కాలిన కుండ భుజం, పదునైన మొన, నిటారు గీతలు.

ఈ అలవాటు మన తీరం దాటి కూడా పోయింది. ఈజిప్టులో ఎర్ర సముద్రం ఒడ్డున కుసేర్ అల్ ఖదీం అనే రోమన్ కాలపు రేవులో దొరికిన కుండ పెంకుల మీద తమిళ బ్రాహ్మీలో కణన్, చాతన్ అనే పేర్లున్నాయి. ఇంకో పెంకు మీద 'పానై ఒఱి' అని ఉందని శాసన పండితుడు ఐరావతం మహదేవన్ చదివాడు. ఉట్టిలో పెట్టే కుండ అని అర్థం. ఆ రోజుల్లో ఎవరో దక్షిణాది నావికుడో, వర్తకుడో ఉట్టికుండ మీద "ఉట్టికుండ" అని రాసుకున్నాడన్నమాట. ఇంతకన్నా ఆడంబరం లేని శాసనం నేనెక్కడా చూడలేదు.

మళ్లీ మన ఎడమ గట్టు. ఇక్కడి కథ సగం నీళ్ల కింద ఉంది. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు నల్లగొండ వైపు ఏలేశ్వరంలో అబ్దుల్ వహీద్ ఖాన్ ఆధ్వర్యంలో హడావుడిగా తవ్వారు. బృహత్‌శిలా సమాధులు, శాతవాహన, ఇక్ష్వాకు కాలాల జాడలు దొరికాయి. 1963లో నివేదిక వచ్చింది. తర్వాత ఊరు జలాశయంలో కలిసింది. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడా ఇదే పరుగు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. అవతలి గట్టున వీరాపురం తవ్వి 1984లో నివేదిక అచ్చేశారు. గుడిని విప్పి కట్టగలం. పాటిగడ్డను విప్పి కట్టలేం. ఏ పెంకు ఏ పొరలో, ఏ బూడిద పక్కన, ఏ పూసతో కలిసి ఉందో ఒకసారి చెదిరితే అది మళ్లీ రాదు.

కీళడిలో ఒక పొర క్రీ.పూ. 580 నాటిదని చెప్పగలిగింది అందులోని బొగ్గు ముక్క వల్ల. పెంకు ఎంత పాతదో దాని మీది గీత చెప్పలేదు, పక్కనున్న బొగ్గు చెబుతుంది. వేసవిలో శ్రీశైలం వెనకజలాలు తగ్గినప్పుడు సోమశిల వైపు ఒడ్డున నడిచేవాళ్లు గీతలున్న పెంకు ఏరుకొచ్చి ఇంట్లో అలమారలో పెట్టుకుంటే, పెంకు మిగులుతుంది, సాక్ష్యం పోతుంది. లింగాల చెలకల్లో, కొల్లాపురం పాటిగడ్డల్లో కనబడినవాళ్లు చేయాల్సింది సులువే. కదపకుండా పక్కన ఒక స్కేలో, పెన్నో పెట్టి ఫొటో తీయాలి. ఏ సర్వే నంబరు, ఎంత లోతు, చుట్టూ ఇంకేమున్నాయి రాసుకోవాలి. రాష్ట్ర వారసత్వ శాఖకో, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మ్యూజియానికో తెలియజేయాలి. గీత ఒక్కటేనా, వరసా? కాల్చకముందుదా, కాల్చాకదా? ఈ రెండూ ఫొటోలో కనబడేలా ఎండ వాలుగా పడే వేళ తీస్తే ఇంకా మంచిది. చదవడం తర్వాత. చదవలేకపోయినా నష్టం లేదు. రేతియన్ గిన్నెలను ఇన్నేళ్లుగా చూస్తున్నవాళ్లు చాలావాటి పక్కన ఇప్పటికీ ప్రశ్నార్థకమే పెడుతున్నారు.

వచ్చే వారం నది దాటి వీరాపురం పోదాం. అక్కడ దొరికిన సీసం నాణేల మీద మహారథులనే పాలకుల పేర్లున్నాయి. ఆ అక్షరాల విషయంలో గుర్తా, రాతా అనే పేచీ లేదు, స్పష్టంగా చదవొచ్చు. పేచీ అంతా ఆ మహారథులు శాతవాహనులకు చుట్టాలా, సామంతులా, పోటీదారులా అన్నదే.